ఎరుపు మీద గీతలు

మా తోడికోడలు గుమ్మంలో అడుగుపెడితే చాలు, మా అత్తగారి మోకాళ్ల నొప్పులు ఎటు పోతాయో పోతాయి. "వచ్చావా తల్లీ!" అంటూ తలుపు దాకా తనే ఎదురెళ్తారు. నేను రోజంతా ఆ ఇంట్లోనే తిరుగుతుంటాను కాబట్టి నా కోసం లేవాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. దానికి నేనేమీ అనుకోలేదు. ఆ ఆదివారం ఆ అమ్మాయి వచ్చి నా కుర్చీలో కూర్చుంది. అనుకున్నది దానికి.

భోజనాల బల్లకి కిటికీ వైపున్న కుర్చీ అది. మా ఆయన పనిచేసే ఆఫీసు ఏ ప్రాంతంలో ఎంతమంది పిల్లలు పేదరికంలో పెరుగుతున్నారో లెక్క తీసి, ఏటా పాలకమండలికి నివేదిక ఇస్తుంది. దాన్ని తయారు చేసేది మా ఆయన. అచ్చుకి పంపేముందు పట్టికలన్నీ ఇంటికి తెస్తారు. నేను ఆ కుర్చీలో కూర్చుని పైకి చదువుతాను, ఆయన ఎదురుగా కూర్చుని అసలు కాగితాల మీద టిక్కు పెడతారు. "గనుల ప్రాంతం, బడి ఈడు పిల్లలు, రోజుకి ఒక్కపూటైనా వేడి అన్నం దొరకనివాళ్లు," అని నేను చదవడం, "ఊఁ" అని ఆయన అనడం. కాలేజీలో నేను చదివిన గణితం ఇంట్లో నిజంగా పనికొచ్చింది అక్కడొక్కచోటే. మిగతా మొగుడూ పెళ్లాలు సినిమాలకి వెళ్తారు, మేము పట్టికలు సరిచూసుకుంటాం. ఒక్కోసారి నేను కావాలని ఒక అంకె తప్పు చదివేదాన్ని, ఆయన పట్టుకుంటారో లేదో అని. పట్టుకుని కళ్లజోడు మీదుగా చూసేవారు. ఆ చూపు కోసమే ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

ఈసారి పై అధికారి పట్టికలు వద్దన్నాడు. మండలివాళ్లు అవి తెరిచి చూడటం లేదట. పిల్లల వంటశాలలూ బడి బస్సులూ ముందు ఏ ప్రాంతానికి ఇవ్వాలో వాళ్లు ఒక్క సమావేశంలో తేల్చేస్తారు, కాబట్టి ఒకే కాగితం మీద, ఒక్క చూపులో అర్థమయ్యేలా బొమ్మలు వేయించమన్నాడు.

మా ఆయన అన్నేళ్లూ బొమ్మలంటే ఒప్పుకోలేదు. "బొమ్మలు చిన్నపిల్లలకి, అంకెలు పెద్దవాళ్లకి," అనేవారు. ఆఫీసులో అందరూ అది ఆయన పట్టుదల అనుకున్నారు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆయన కంటికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు.

ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు సంచీ నిండా టమాటాలు తెచ్చి, "చూడు, ఎంత పండినవి ఏరి తెచ్చానో," అన్నారు. సంచీలో ఒక్కటీ పండు లేదు, అన్నీ ఆకుపచ్చ కాయలే. మొహంలో అంత గర్వం పెట్టుకుని నిలబడ్డ మనిషిని ఏమంటాను? నోరు మూసుకుని వండిపెట్టాను. ఆ రోజు నుంచి పళ్లూ కూరగాయలూ నేనే తెస్తున్నాను. మేజోళ్లు జతకి జత ముడివేసి సొరుగులో పెడతాను. చొక్కాలు ఏ ప్యాంటు పక్కన ఏది అన్నట్టు తగిలిస్తాను. కూడలిలో దీపం మారగానే "పదండి" అంటాను. ఆయన తన లోపం దాచుకున్నారు, నాకు తెలుసన్న సంగతి నేను దాచుకున్నాను. అత్తగారికి తెలియదు, మా మరిదికి తెలియదు. ఆయనలో ఆ కాస్త భాగం పూర్తిగా నాదే.

ఇక మా తోడికోడలు. అంకెల్ని బొమ్మలుగా మార్చి పత్రికలకీ ఆఫీసులకీ అమ్మే చోట పనిచేస్తుంది. నేను మనసులో ఆమెకి పెట్టిన పేరు రంగుల పెట్టె. మా ఆయన పని ఆమె చేతికే వచ్చింది.

"శాతాలు చెబితే ఎవరి గుండే కదలదు బావగారూ," అంటోంది నా కుర్చీలో కూర్చుని. "పదిమంది పిల్లల్లో నలుగురు అనండి. పదిమందినీ వరసగా నిలబెడదాం, నలుగురికి రంగు వేద్దాం. ఇక వాళ్లు కళ్ల ముందు నుంచి కదలరు."

మంచి మాట. నాకు తట్టాల్సిన మాట. ఏళ్ల తరబడి ఆ శాతాలు పైకి చదివింది నేను, ఒక్కసారైనా తట్టిందా?

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "ఎంత ముద్దొస్తున్నారే ఈ పిల్లలు!"

"వాళ్లు తిండి లేని పిల్లలు అత్తయ్యా," అన్నాను.

"అయితే మాత్రం? చక్కగా గీసింది. నువ్వు ప్రతిదానికీ ఒక ముల్లు గుచ్చుతావు."

టీ కప్పులు బల్ల మీద పెడుతూ పటం చూశాను. పిల్లల పేదరికం ఎక్కువున్న ప్రాంతాలు ఎరుపు, తక్కువున్నవి పచ్చ. గనుల ప్రాంతం ఎర్రగా, దానికి ఆనుకునే ఉన్న రేవు ప్రాంతం పచ్చగా ఉంది. మా ఆయన చూపు గనుల మీంచి రేవుకి, రేవు మీంచి గనులకి తిరుగుతోంది. "బాగుందమ్మా, చాలా బాగుంది," అంటున్నారు, నేను గట్టిగా ఇస్త్రీ చేసిన కాలరు లాంటి గొంతుతో.

నాకు లోపల పండగైంది. దాచుకోవడం ఎందుకు? ఈ పటం పట్టుకుని మండలి ముందు నిలబడాల్సింది ఆయన. అక్కడ ఎవరైనా వరస తప్పించి ఒక ప్రశ్న వేస్తే గనులు చూపించబోయి రేవు చూపిస్తారు. కాబట్టి నా దగ్గరికి రాక తప్పదు. వంటింట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏమోయ్, ఇందులో ఎరుపు ఏది?" అని అడుగుతారు. ఇన్నేళ్ల తరవాత నోరు తెరిచి అడుగుతారు. నేను ఆశ్చర్యం నటించను, ఏమీ నటించను, వేలు పెట్టి చూపిస్తాను, అంతే. ఆ వారమంతా నేను వంటింట్లోంచి పెద్దగా కదల్లేదు. ఆయన రెండుసార్లు వచ్చారు. ఒకసారి మంచినీళ్లకి, ఒకసారి కత్తెరకి.

మరుసటి ఆదివారం రంగుల పెట్టె కొత్త పటం తెచ్చింది. ఎర్రటి ప్రాంతాల మీద ఏటవాలుగా నల్లటి సన్నగీతలు వచ్చాయి. రంగు వేసిన పిల్లల చొక్కాల మీదా గీతలే. మా ఆయన లేచి నిలబడి, పెన్సిలు పట్టుకుని, మండలి ముందు మాట్లాడినట్టు మాట్లాడారు. గనులు, కొండవాలు, నదికి అవతలి ఒడ్డు. వరస మార్చి అడిగినా పెన్సిలు తడబడలేదు. బట్టీ పట్టారనుకున్నాను. నన్ను అడగడం ఇష్టం లేక ఆఫీసులో కూర్చుని ఏ ప్రాంతం ఎక్కడుందో బట్టీ పట్టి ఉంటారు, పాపం.

అచ్చు ఎలా వస్తుందో చూసుకొస్తానని ఆయన సందు చివర దుకాణానికి వెళ్లారు. అత్తగారు కునుకు తీస్తున్నారు. నేనూ రంగుల పెట్టే మిగిలాం.

"ఈ గీతలెందుకు?" అన్నాను. "ఖైదీల బట్టల్లా ఉన్నాయి. పిల్లలకి ఖైదీ బట్టలు తొడుగుతావా?"

"ఉండనివ్వండక్కా."

"తీసెయ్. ఎరుపు చాలదూ? కళ్లున్నవాళ్లెవరికైనా కనిపిస్తుంది."

"అలా కాదక్కా, బావగారికి గీత ఉంటేనే కదా..." అని టక్కున ఆగి నాలుక కరుచుకుంది.

"గీత ఉంటేనే?"

"ఉంటేనే బాగుంటుందన్నారు."

ఆ అమ్మాయికి బొమ్మలు వచ్చినంత బాగా అబద్ధాలు రావు. చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు ఒకసారి చూసి చూపు దించేసుకుంది. ఆ చూపులో ఉన్నది జాలి. ఆయన సంగతి నాకు తెలియదనుకుని, కట్టుకున్నదానికే తెలియదే అని, నా మీద జాలి! పైగా, "మీరేం అనుకోకండక్కా," అని నా చేయి తట్టింది.

కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. నీళ్లు తిప్పి వదిలేశాను, చప్పుడు కోసం. నాతో ఇన్నేళ్లు ఒక్క మాట అనని మనిషి ఆ అమ్మాయికి ఒక్క వారంలో చెప్పేశారు. నేను వంటింట్లో కాపు కాస్తూ కూర్చున్న వారంలోనే. చెప్పడమే కాదు, "మీ అక్కకి తెలియదు, చెప్పకు" అని కూడా అనుంటారు. నేను పోగేసుకున్న టమాటాలూ మేజోళ్లూ కూడలి దీపాలూ అన్నీ కలిపి, ఆమె నాలుగు గీతల పాటి చేయలేదు. ఆ గీతలు నిజంగా బాగున్నాయి కూడా. అది ఇంకా మండింది.

మండలి సమావేశం రోజు పొద్దున్న నేను మేజోళ్లకి జత కట్టలేదు. ఉన్నవన్నీ సొరుగులో కుప్పగా పోసి వదిలేశాను. కావలిస్తే ఆ అమ్మాయినే పిలిపించుకుని ఏరించుకోమను.

మంచం అంచున కూర్చుని ఆయన సొరుగు లాగారు. నేను అద్దం తుడుస్తున్నాను, తుడిచిందే తుడుస్తున్నాను. అద్దంలో ఆయన ఒక మేజోడు తీసి, ఇంకొకటి తీసి, రెండూ కిటికీ వైపు ఎత్తి చూశారు. ఒకటి ముదురు ఎరుపు, ఒకటి ముదురు ఆకుపచ్చ. మాట నోటి దాకా వచ్చింది. ఆయన నా వీపు వైపు చూసి, నోరు తెరవబోయి, మానేసి, తొడుక్కున్నారు. నేనూ మానేశాను. బూట్లు వేసుకుని, పటం చుట్ట చంకలో పెట్టుకుని, "వెళ్లొస్తా," అన్నారు.

"ఊఁ," అన్నాను.

వీధి మలుపు దాటేదాకా కిటికీలోంచి చూశాను. పిలవలేదు. మధ్యాహ్నం అన్నం సహించలేదు.

సాయంత్రం ఆయనా, పటం గీసిందని సమావేశానికి వెంట వెళ్లిన ఆ అమ్మాయీ కలిసి వచ్చారు. రంగుల పెట్టె చెప్పులైనా విడవకుండా మొదలుపెట్టింది.

"అత్తయ్యా, మీరు చూడాల్సింది! వరండాలో కూర్చున్నాం, బావగారి ప్యాంటు కాస్త పైకి వెళ్లింది, చూద్దునుగా, ఒక కాలు ఎరుపు, ఒక కాలు పచ్చ! చెవిలో చెప్పాను. బావగారు అలా బొమ్మలా ఉండిపోయారు. ఇంతలో లోపలికి పిలిచారు. పటం పెట్టగానే అధ్యక్షురాలు ఏమన్నారో తెలుసా? 'ఈ గీతలెందుకు, ఎరుపు చాలదూ?' అన్నారు."

నేను అటు తిరగలేదు.

"నేను ఏదో సర్దిచెప్పబోయాను. బావగారు నన్ను ఆగమని, రెండు కాళ్లూ ముందుకు పెట్టి చూపించారు! 'నా కంటికి ఈ రెండూ ఒకటేనండీ. రంగు ఒక్కటే ఉంటే గనుల పిల్లలు నాకు కనిపించరు. కనిపించాలనే గీతలు,' అన్నారు. గది గదంతా నవ్వు. అప్పుడు చివర కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకుని, 'నాకూ అంతే. ఇన్నాళ్లూ మీ శాఖలవాళ్లు తెచ్చిన రంగుల పటాలన్నిటికీ తల ఊపాను. ఏది ఏదో నాకు తెలిస్తే ఒట్టు,' అన్నారు! ఇక ఆయన వదల్లేదు అత్తయ్యా. ప్రతి గీతా వేలు పెట్టి అడిగారు. వంటశాలలు ముందు గనులకే. బస్సులు కొండవాలుకి."

"అయితే నా కొడుక్కి కళ్లు సరిగ్గా కనపడవా?" అన్నారు అత్తగారు, అన్నిటిలోకీ అదొక్కటే పట్టుకుని.

పిల్లలకి అన్నం దొరుకుతుంది. సంతోషించాలి, సంతోషించాను కూడా. కానీ అబద్ధం ఎందుకు? ఇన్నేళ్లు నా కొంగు చాటున ఉన్న మాట ఇప్పుడు మండలిలో ప్రతి కుర్చీకీ తెలుసు. ముక్కూ మొహం తెలియని ఆ పెద్దాయన మీద కూడా కుళ్లు పుట్టింది నాకు.

అత్తగారు తోడికోడల్ని కూర్చోబెట్టి మొదటి నుంచీ మళ్లీ చెప్పించుకుంటున్నారు. మా ఆయన వంటింట్లోకి వచ్చారు. కూర్చుని బూట్లు విప్పారు. రెండు మేజోళ్లూ తీసి, ఒకదాని పక్కన ఒకటి, గట్టు మీద పెట్టారు.

"గట్టు మీద మేజోళ్లా!" అన్నాను.

"ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా జత తప్పలేదు," అన్నారు. "ఇవాళ తప్పింది. ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఆ అమ్మాయికి చెప్పారుగా. ఆమెనే అడగండి."

"పని ఆగిపోతుందని చెప్పాను. నీకు చెప్పాలంటే..." మాట వెతుక్కున్నారు. "నీ ముందు నిలబడి చెప్పాలంటే సిగ్గేసింది. ఎప్పటినుంచి?"

"టమాటాలు తెచ్చిన రోజు నుంచి."

ఆయన కళ్లజోడు మీదుగా నన్ను చూశారు, తప్పు చదివిన అంకె దగ్గర చూసే చూపే. "అన్నీ కాయలేనా?"

"ఒక్కటీ పండలేదు."

టీ తీసుకుని ముందుగదిలోకి వెళ్లాం. రంగుల పెట్టె నా కుర్చీలోనే ఉంది. నన్ను చూడగానే, "అక్కా! మీకు ముందే తెలుసటగా, బావగారు దారిలో అన్నారు. ఎలా కనిపెట్టారు? చెప్పరూ," అంది.

"ఏమో. గుర్తులేదు," అన్నాను.

మా ఆయన కప్పులోకి చూస్తూ, చాలా పెద్దమనిషి గొంతుతో అన్నారు: "ఇంట్లో టమాటాలున్నాయా? తెమ్మంటావా?"

"మీరా? అక్కర్లేదు."

"ఇప్పుడు టమాటాలేంటి బావగారూ?" అంది ఆ అమ్మాయి. ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నేను ఎరిగిందే. ఇన్ని వారాలూ నా మొహం మీదే ఉంది.

"టీ చల్లారిపోతోంది, తాగు," అన్నాను.