అభన్‌పూర్ చుట్టు

మధ్యాహ్నం రెండు. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. రాయ్‌పూర్‌లో గుఢియారీ పక్కన రైల్వే క్వార్టర్లో కమల టిఫిన్ డబ్బా మూత నొక్కి భర్త చేతికిచ్చింది. ఐజాక్ రెండు జెండాలూ చంకలో పెట్టుకుని బూట్లు దులుపుకుంటున్నాడు.

"గొడుగు తీసుకెళ్ళండి. వానొచ్చేలా ఉంది."

"గార్డు గొడుగేసుకుని జెండా ఊపితే బండి కదలదే. నిలబడి నవ్వుద్ది."

అలా అని వెళ్ళిపోయాడు. రోజూ అంతే.

ఐజాక్ చిన్న లైను గార్డు. రాయ్‌పూర్‌లో దాన్ని ఛోటీ లైన్ అంటారు. పెద్ద రైళ్ళ పక్కన ఆ బండి పెళ్ళివారి వెనక నడిచే చంటిపిల్లలా ఉంటుంది. కొన్ని బళ్ళు ధమ్తరీ దాకా పోతాయి. ఐజాక్ ఎక్కే బండి అభన్‌పూర్‌తో ఆఖరు. అక్కడ ప్లాట్‌ఫారం దాటాక పట్టాలు వరిపొలాల్లోకి పోయి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ ఆ ప్లాట్‌ఫారానికే వస్తాయి. బొగ్గు ఇంజన్ల కాలంలో, ఇంజను మొహం ఊరివైపు తిప్పడానికి వేసిన చుట్టు. డీజిల్ ఇంజన్లు వచ్చాక దాంతో పని లేదు. అయినా తీసెయ్యలేదు. తీసెయ్యనివ్వలేదు జనం.

ఎందుకంటే, బండిలో కూర్చుని ఆ చుట్టు తిరిగినవాళ్ళు, ఆ పూట తమ గుండెలో అన్నిటికన్నా బరువుగా ఏది ఉందో దాన్ని అక్కడే వదిలేసి వస్తారు. మరిచిపోతారు, పూర్తిగా. కోర్టులో ఓడినవాళ్ళు తిరుగుతారు. పరీక్ష తప్పిన పిల్లలు తిరుగుతారు. చుట్టు మధ్యలో ఉన్న మడిలో వరి బాగానే పండుతుంది గానీ, ఆ బియ్యం తింటే ఊరికే ఏడుపొస్తుందని అభన్‌పూర్‌లో ఎవరూ కొనరు. దూరం ఊళ్ళకి తోలేస్తారు.

ఆ లైన్లో ఒక మర్యాద ఉంది. చుట్టు తిరిగొచ్చినవాడు ఇంటికెళ్ళి, "నేనివాళ ఏం వదిలేశాను?" అని అడుగుతాడు. ఇంట్లోవాళ్ళు నిజం చెప్పాలి. పరీక్ష తప్పావు, అనాలి. కోర్టులో ఓడిపోయాం, అనాలి. అప్పుడు ఆ మనిషి మళ్ళీ ఎత్తుకుంటాడు. కొంతసేపైనా దించుకున్నాడు కదా, అదే లాభం.

బండి నడిపేవాళ్ళకి ఇది కుదరదు. అందుకని డ్రైవరూ గార్డూ చుట్టులో ఒక కాలు మెట్టు మీద, బయటికి పెట్టి నిలబడతారు. ఒంట్లో ఏ కొంచెం బయట ఉన్నా చుట్టు పట్టదు. ఐజాక్ చేరిన రోజు నుంచీ అలాగే నిలబడ్డాడు. కమలకి పురుడు కష్టమైన రోజునా, తల్లి పోయిన రోజునా కాలు లోపలికి తియ్యలేదు.

ఆకాష్‌ని మట్టి చేసొచ్చి డ్యూటీకి వెళ్ళిన మొదటి రోజున తీశాడు.

ఆకాష్ వాళ్ళ పెద్దపిల్లాడు. ఉర్లా వైపు ఇనుము కరిగించే ఒక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. జూలైలో ఒక తెల్లవారుజామున కొలిమి పేలింది. పెట్టె మూసే తీసుకొచ్చారు, తెరవనివ్వలేదు. సమాధుల తోటలో ఐజాక్ అందరికన్నా ముందు పిడికెడు మట్టి వేశాడు. ఏడవలేదు. ఆ పై వారం డ్యూటీకి వెళ్ళి, సాయంత్రం చీకటి పడుతుండగా ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు.

"కమలా, ఇవాళ చుట్టులో నా కాలు లోపలుంది. ఏం వదిలేశానే?"

కమల చేతిలో చెంబు ఉంది. దాన్ని కింద పెట్టింది. చెప్పింది.

మొదటిసారి విన్నట్టే విన్నాడు. అక్కడే, బాత్రూం గట్టు మీద కూలబడ్డాడు. ఆ రాత్రంతా ఆయన తల ఆమె ఒళ్ళో ఉంది. మర్నాడు వేళకి జెండాలు తీసుకుని వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, మళ్ళీ అదే అడిగాడు.

అలా రోజూ. రోజూ ఆమె చెప్పింది. ఎలా చెప్పినా అంతే. మెల్లగా చెప్పి చూసింది, ఒక్క ముక్కలో చెప్పి చూసింది, అన్నం తిన్నాక చెప్పి చూసింది. ఆయనకి ప్రతి సాయంత్రమూ కొడుకు అప్పుడే పోయేవాడు. ఆమెకి ఏడవడానికి ఖాళీ ఉండేది కాదు.

ఒక సాయంత్రం ఆయన అడిగాడు. కమల నోరు తెరిచింది.

"ధనుంజయ్‌తో పోట్లాడారంట," అంది చివరికి.

ధనుంజయ్ ఆ బండి డ్రైవరు. ఆరంగ్ ఊరి మనిషి. ఐజాక్ నేర్పిన రెండు బూతులు తప్ప తెలుగు రాదు.

"వాడితోనా? ఎందుకు?"

"ఏమో. మీరే చెప్పాలి."

ఐజాక్ గట్టిగా నవ్వాడు. "ఇంత చిన్నదానికా కాలు లోపల పెట్టాను? ముసలాణ్ణయిపోతున్నానే." కంచం ముందు కూర్చుని చుట్టూ చూశాడు. "ఆకాష్ ఏడీ?"

"ఫ్యాక్టరీలో నైట్ వేశారు. అక్కడే బ్యారక్‌లో పడుకుంటున్నాడు. ఫోను లోపల ఉంచుకోనివ్వరంట."

"పీల్చేస్తున్నారు వెధవలు," అని ఐజాక్ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు ధనుంజయ్‌కి జిలేబీ పట్టుకెళ్ళి క్షమాపణ చెప్పాడు. "కాహే కీ మాఫీ, ఐజాక్ భాయ్?" అన్నాడు ధనుంజయ్, దేనికో తెలీక. తర్వాత అర్థమైంది. జిలేబీ తీసుకున్నాడు. "ఛలో, మాఫ్ కియా. లేకిన్ గాలీ బహుత్ గందీ దియే థే ఆప్," అని, ఐజాక్ తనని ఎంత పాడుగా తిట్టాడో చూపిస్తూ, తెలుగులో తనకొచ్చిన రెండు బూతులూ అప్పజెప్పాడు. ఐజాక్ సిగ్గుపడ్డాడు. ఆ రోజు ఆయనకి వదిలెయ్యడానికి ఏమీ లేదు. కాలు బయటే పెట్టి నిలబడ్డాడు.

కాలనీ మొత్తానికి రెండు రోజుల్లో తెలిసింది. ఎవరూ ఆయనకి నిజం చెప్పలేదు. పక్క క్వార్టర్ శ్రీలక్ష్మి గోడ మీంచి, "అన్నయ్యగారూ, ఆకాష్‌కి నైట్ డ్యూటీయా ఇంకా?" అని అడిగి, లోపలికెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది.

కమల కూతురు స్వాతికి మాత్రం కోపం వచ్చింది. నర్సింగ్ పూర్తి చేసింది. భిలాయ్‌లో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. బట్టలు సర్దుకుంటూ తల్లితో అంది.

"నువ్వు చేసింది పాపం అమ్మా. అడిగినప్పుడు చెప్పాలి. అది మర్యాద."

"నువ్వు చెప్పు మరి."

"చెప్తాను. నాకేం భయం?"

"చెప్పి, పొద్దున్నే బస్సెక్కి పోతావు. సాయంత్రం ఎవరు చెప్తారే? ఆ మర్నాడు ఎవరు చెప్తారు?"

స్వాతి సంచి జిప్పు లాగింది. "అన్నయ్య ఫోటో ఎక్కడ దాచావు?" అంది.

"బియ్యం డబ్బాలో."

"బియ్యం డబ్బాలోనా!"

"ఆయన చెయ్యి పెట్టని చోటు అదొక్కటే ఉంది ఈ ఇంట్లో."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వి, చెరో గోడవైపూ తిరిగారు.

ఆ వారమే తెలుగు చర్చి పాస్టరుగారు వచ్చారు. ఐజాక్ డ్యూటీలో ఉన్న వేళ చూసే వచ్చారు.

"ఆదరణ కూడిక పెట్టుకోవాలి కదమ్మా. సంఘం అడుగుతోంది. చనిపోయిన బిడ్డ కోసం ఒక్క పాటైనా పాడకుండా ఎన్నాళ్ళు?"

"ఆయనకి తెలీదయ్యగారూ."

"తండ్రి లేకుండా చేస్తామా? తెలియజెయ్యాలి."

శనివారం అని నిర్ణయించారు. శుక్రవారం మధ్యాహ్నం చర్చి కుర్చీలు రిక్షా బండి మీద వచ్చి వాకిట్లో ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. అప్పటికి ఐజాక్ వెళ్ళిపోయాడు. తిరిగొస్తే చూస్తాడు. చూసి అడుగుతాడు.

కమల చీర మార్చుకుంది. "నేను అభన్‌పూర్ పోతున్నాను," అంది స్వాతితో. "అక్కడే చెప్తాను. కాలు బయట పెట్టించి చెప్తాను. చుట్టు తిరిగేటప్పుడు పట్టుకుంటాను. తెలిసే ఇంటికొస్తాడు. ఒక్కసారి తెలిసి ఇంటికొస్తే, ఇక మొయ్యడానికి ఇద్దరం ఉంటాం."

"నేనూ రానా?"

"వద్దు. పప్పు నానబెట్టు. రేపు జనం వస్తారు."

బండి కదలబోతుంటే ఎక్కింది. జనం డబ్బాలోనే కూర్చుంది. కిటికీలోంచి వాన సన్నగా పడుతోంది. ఏం చెప్పాలో అనుకోలేదు. ఇన్నిసార్లు చెప్పింది, కొత్తగా అనుకోవడానికి ఏముంది?

అభన్‌పూర్‌లో జనం దిగిపోయారు. చుట్టుకోసం వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు మాత్రం డబ్బాల్లో తలలు వంచుకుని ఉండిపోయారు. ప్లాట్‌ఫారం మీద కమలని చూసి ఐజాక్ మొహం విచ్చుకుంది.

"నువ్వేంటే ఇక్కడ? టిఫిన్‌లో ఉప్పు మర్చిపోయావా?"

"మీ డబ్బాలో ఎక్కుతాను."

"రూలు ఒప్పుకోదు."

"ఇవాళ ఒప్పుకుంటుంది లెండి."

ఎక్కింది. గార్డు డబ్బాలో ఒక ఇనప పెట్టె, ఎదురుగా ఒక చెక్క బల్ల, ఊచల కిటికీ. ఐజాక్ జెండా ఊపి, అలవాటుగా ఎడమకాలు మెట్టు మీద పెట్టి నిలబడ్డాడు. బండి కదిలింది.

"ఏమండీ, కాలు అలాగే బయట పెట్టి వినండి."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆమె గొంతు విని నవ్వు ఆపేశాడు.

"ఆకాష్ లేడండీ. జూలైలో కొలిమి పేలింది. మీరే మట్టి వేశారు. వచ్చి, రోజూ ఇక్కడ వదిలేశారు. నేను రోజూ చెప్పాను. తర్వాత చెప్పలేకపోయాను. ధనుంజయ్‌తో మీకు గొడవేం లేదు. రేపు కూడిక."

ఐజాక్ తలుపు ఊచ రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టాలు ఒంపు తిరగడం మొదలైంది. చక్రాలు కీచుమన్నాయి.

ఆయన కాలు మెట్టు మీంచి లేచింది.

"వద్దండీ." కమల ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుంది. రెండో చేత్తో కిటికీ ఊచల్లోంచి బయటికి, వానలోకి చెయ్యి చాపింది, చుట్టు తనని పట్టకుండా. "ఈ ఒక్కసారి మొయ్యండి. నాతో పాటు మొయ్యండి. నేనొక్కదాన్నీ మొయ్యలేకపోతున్నానండీ."

"నా వల్ల కాదే కమలా," అన్నాడు ఐజాక్. చిన్నపిల్లాడిలా అన్నాడు. కాలు లోపలికి తీసుకుని, ఇనప పెట్టె మీద కూర్చుని, చెవులు మూసుకున్నాడు.

చొక్కా ఆమె చేతిలోంచి జారిపోయింది.

చుట్టు సగం అయింది. కిటికీ అవతల ఆ మడి కనపడింది. ఎవరూ కొనని వరి, నడుమెత్తు ఉంది, ఆకుపచ్చగా, గాలి లేకుండానే ఊగుతోంది. వాన ఆమె అరచేతిలో పడుతోంది. చల్లగా ఉంది. తన చెయ్యి తనకే చాలా దూరంలో ఉన్నట్టుంది. దాన్ని అలా చాపి ఉంచడానికి ఎంత బలం కావాలో అప్పుడు తెలిసింది. కూడిక గుర్తొచ్చింది, పాస్టరుగారు గుర్తొచ్చారు, సాయంత్రం ఈయన అడిగే మాట గుర్తొచ్చింది.

కమల చెయ్యి లోపలికి తీసుకుంది. కొంగుతో తుడుచుకుంది.

బండి ప్లాట్‌ఫారానికి వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు.

"నేనెందుకొచ్చానండీ ఇక్కడికి?" అంది కమల.

"నన్ను చూడకుండా ఉండలేకేమో."

"ఆహా, మొహం చూసుకున్నారా అద్దంలో?"

ఐజాక్ దిగి వేడి భజియాలు కొన్నాడు. ఒకటి ఇంజన్ దగ్గరికి తీసుకెళ్ళి ధనుంజయ్‌కి ఇచ్చాడు. ధనుంజయ్ ఆయన వెనక నిలబడి నవ్వుతున్న కమలని చూశాడు. భజియా చేతిలో పట్టుకుని అటు తిరిగి, హారన్ కొట్టాడు. అవసరం లేకపోయినా చాలాసేపు కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి వాన ఆగింది. గుమ్మంలో స్వాతి నిలబడి ఉంది, ఏడవడానికి సిద్ధంగా, ఇద్దరినీ పట్టుకోడానికి సిద్ధంగా. తల్లి చేతిలో భజియాల పొట్లం చూసింది. తల్లి మొహం చూసింది. జూలైకి ముందు మొహం అది.

"ఈ కుర్చీలేంటే వాకిట్లో?" అంది కమల.

స్వాతి తండ్రి వైపు చూసింది.

"ఇద్దరం లోపలే కూర్చున్నామే ఇవాళ," అన్నాడు ఐజాక్, బూట్లు విప్పుతూ. "సిగ్గులేకపోతే సరి. చెప్పు, ఏం వదిలేశాం?"

స్వాతి కుర్చీల మీద చెయ్యి వేసి నిలబడింది. ఒకటి తీసి వేరుగా పెట్టింది. మళ్ళీ దాన్ని వాటి మీదే పెట్టింది.

"మీరిద్దరూ పోట్లాడుకున్నారు," అంది.

"దేనికి?" అంది కమల.

"నేను భిలాయ్ పోవడానికి. డాడీ వద్దన్నారు, నువ్వు పొమ్మన్నావు."

"మరి ఎవరు గెలిచారే?"

"డాడీయే. నేను పోవట్లేదు."

కుర్చీలు పక్కింటి వాళ్ళవని చెప్పింది. పెరట్లోకి వెళ్ళి, ఫోనులో గొంతు తగ్గించి, "వందనాలు అయ్యగారూ, రేపటి కూడిక వద్దండి," అంది. అటునుంచి ఆయన ఏదో అడిగారు. "నాకు తెలుసు కదండీ. నేనొక్కదాన్ని చాలు," అంది. నానిన పప్పు నీళ్ళు వంపేసింది. సర్దిన సంచిలోంచి తెల్ల యూనిఫారం తీసి తన అలమరలో అడుగున పెట్టింది.

కమల లైటు వేసి గుమ్మంలో నిలబడింది. వీధి వైపు చూసింది. ఆరోగ్యంగా, తేలిగ్గా ఉంది ఒళ్ళు. ఎన్నాళ్ళకో ఆకలేస్తోంది.

"ఆయన వచ్చారు," అంది వేళ్ళు మడుస్తూ. "నేనొచ్చాను. నువ్వున్నావు."

నాలుగో వేలు మడవకుండా అలాగే పట్టుకుంది.

"ముగ్గురం క్షేమంగా వచ్చేశామే స్వాతీ. ఇంక వాడొక్కడే."