నలభై దాటితే ఊగే బండి

నాకు ముక్కు మీద కోపం. నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్కన నా షెడ్డుకు వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అరవై ఒకటిలో ఊరు మొత్తం మీద మోటారు సైకిళ్ళు పట్టుమని ఇరవై ఉండేవేమో. ఏది చెడినా నా దగ్గరికే రావాలి కాబట్టి నా నోటిని భరించడం తప్ప వాళ్ళకు వేరే దారి లేదు. షావలి తిడతాడు గానీ బాగుచేస్తాడు అనేవాళ్ళు. ఆ మాట వినీ వినీ తిట్టడం కూడా నా పనిలో భాగమే అనుకునేవాణ్ణి.

హెబ్రోను అనే అతను ఊరి చివర మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ముప్పై ఏళ్ళవాడు, మెత్తని మనిషి. కలరా భయం మొదలైన ఏడాది ఆసుపత్రివాళ్ళు మిలిటరీ వేలంలో ఒక పాత మోటారు సైకిలు కొని అతనికిచ్చారు. వెంకటాచలం దాకా ట్రంకు రోడ్డు మీద పోయి, అక్కణ్ణించి తూర్పుకు తిరిగి, కృష్ణపట్నం చుట్టుపక్కల సముద్రం ఒడ్డు పాళేలలో కలరా సూదులు వేసి రావడం అతని పని. సూది వెయ్యడంలో హెబ్రోనుది ఎంత మంచి చెయ్యంటే, చంటిపిల్లల తల్లులు ఎంతసేపైనా అతని వరసలోనే నిలబడేవాళ్ళు.

ఒకరోజు అతను బండి తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు.

"షావలన్నా, నలభై దాటితే ముందు చక్రం ఊగతాండాది. హ్యాండిలు చేతుల్లో నిలవడంల్యా. మొన్న రోడ్డు దిగి పడబోయినా."

"నలభై ఎందుకు పోవాల? ముహూర్తం దాటిపోతాందా నీకు?"

"మందు చల్లగా ఉండాలన్నా. ఎండెక్కితే పాడైపోతాది."

బండి ముందు భాగం పైకి లేపి చూశాను. హ్యాండిలు కింద బేరింగు గుండ్లు వదులు కాలేదు. స్పోకులు ఒక్కొక్కటే తట్టి చూశాను, అన్నీ బిగువుగానే పలికాయి. చక్రం వంకర లేదు, ఇరుసు గట్టిగా ఉంది, టైర్లలో గాలి సరిగ్గా ఉంది. ఎక్కి వెంకటాచలం దాకా యాభై మీద పోయి వచ్చాను. గీత గీసినట్టు పోయింది.

"ఏం లేదు, పో" అన్నాను.

వారానికి మళ్ళీ వచ్చాడు. ఆపై వారం మళ్ళీ. మూడోసారి వచ్చేసరికి షెడ్డులో నలుగురు పెద్దమనుషులు తమ బళ్ళ కోసం కూర్చుని ఉన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"బండికేం రోగం లేదయ్యా! రోగం నీ చేతుల్లో ఉండాది. వణికే చేతుల్తో బండెక్కితే అది ఊగక ఏం జేస్తాది?"

నలుగురూ పడీ పడీ నవ్వారు. హెబ్రోను నవ్వలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు.

"అంతేనంటావా అన్నా?"

"అంతే."

అతను బండెక్కలేదు. తోసుకుంటూనే వెళ్ళిపోయాడు. పీడ విరగడయిందనుకుని నేను నా పనిలో పడ్డాను.

రెండు నెలల తర్వాత మా ఆవిడ జమాల్‌బీ సూది వేయించుకుందామని ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఆ హెబ్రోనును ఏమన్నావు నువ్వు?"

"నేనేమంటాను?"

"సూదులేసేది మానేసినాడు. గేటు కాడ కూర్చోని చీట్లు రాసిస్తాండాడు. ఎందుకబ్బాయా అంటే, నా చేతుల్లో రోగముందని షావలన్న చెప్పినాడు, రోగమున్న చేత్తో సూది పట్టకూడదు కదమ్మా అంటాండాడు. అసలు నువ్వు మనిషివేనా?"

"నేనన్నది బండి సంగతే!" అని గట్టిగా అరిచాను. అరిచాక నాకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి పోయాను. హెబ్రోను చీట్ల బల్ల దగ్గర ఉన్నాడు. నన్ను చూసి, అలవాటు కొద్దీ, లేచి నిలబడ్డాడు. అది చూసి ఇంకా కుంగిపోయాను. "బండి ఎక్కడుండాది?" అన్నాను. వెనక పాకలోకి తీసుకుపోయాడు. రెండు నెలలుగా అది కదిలినట్టు లేదు. వెనక క్యారియరు మీద, చక్రాన్ని దాటి బయటికి వేలాడేట్టు, ఒక పెద్ద చెక్కపెట్టె మోకులతో కట్టి ఉంది.

"ఇదేంది?"

"ఐసు పెట్టె అన్నా. మందు ఐసులోనే కదా పోవాల. రంపప్పొట్టుతో కలిపి మణుగున్నర ఐసు పడతాది."

ముందు టైరు నొక్కి చూశాను. సగం గాలి కూడా లేదు.

"పాళేల్లో ఇసక కదన్నా, గాలి తీసేస్తే చక్రం దిగబడదు. అక్కడ ఆగి తీస్తా కూర్చుంటే ఐసు కరిగిపోతాదని ఇక్కడే తీసేసి బయల్దేరతా. నువ్వు ఆ మాటన్న మర్నాడు కూడా పెట్టె కట్టి గాలి తీసినా గానీ, బండి ఎక్కలేకపోయినా."

టైరు మీంచి చెయ్యి తీశాను. "మరి నా కాడికి ఇట్టా ఎందుకు తేలేదు?" అని అడిగాను.

"ఎట్టా తెస్తానన్నా? పెట్టె దించి, గాలి కొట్టించి, శుభ్రంగా కడుక్కోని తెచ్చినా. డాక్టరు కాడికి పోతా నీళ్ళు పోసుకోకుండా పోతామా? మట్టి బండి తెస్తే నువ్వు తిడతావని అందరూ చెప్పినారు."

తిడతాను, నిజమే. ఒక్కసారైనా ఈ బండి రోజూ ఏం మోస్తుందని అడగలేదు. అడగని పెద్దమనిషిని నేను, చెప్పలేదని అతణ్ణి ఏమనను?

ఆ పెట్టె నిండా ఐసు వేయించుకుని, గాలి అలాగే ఉంచి, ట్రంకు రోడ్డు ఎక్కాను. ముప్పై దాకా బాగానే ఉంది. నలభై దాటింది. ముందు చక్రం ఒకసారి వణికింది, మరుక్షణం హ్యాండిలు రెండు పక్కలకీ టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఎక్కువైంది. ఎదురుగా లారీ. యా అల్లా, అయిపోయానురా అనుకున్నాను. ఏం చేశానో తెలియదు, వేగం తగ్గి, బండి మార్జిన్లోకి దిగి ఆగింది. వెనక అంత బరువు వేలాడుతుంటే ముందు చక్రం రోడ్డును ఆనీ ఆనక పోతోంది. పైగా మెత్తటి టైరు. అది ఊగక ఏం చేస్తుంది! హెబ్రోను ఇలాంటి బండి మీద ఏడాది పాటు పోయి వచ్చాడు.

ఇరవై మీద మెల్లగా తిరిగొచ్చి హెబ్రోనుకు అంతా చెప్పాను. పెట్టెను రెండు చిన్న పెట్టెలు చేసి ఇరుపక్కలా కిందికి దించి కడతానన్నాను. గాలి ఇసక దగ్గరే తీసుకోమన్నాను, చేతిపంపు నేనే ఇస్తానన్నాను. అతను అన్నిటికీ తలూపాడు.

"బండి సంగతి సరే అన్నా. ఇప్పుడు చేతులు నిజంగానే వణుకుతాండాయి. చీటీ రాయబోయినా వణుకుతాండాయి" అన్నాడు.

నేను అనేసి మరచిపోయిన ఒక్క మాట ఈ మనిషిని రెండు నెలలు తినేసింది.

వరండాలో ముప్పైమంది దాకా వరసలో ఉన్నారు. డాక్టరు ఎలిశబెతమ్మగారు సూదులు వేస్తున్నారు. నేను హెబ్రోనును వెంటబెట్టుకుని వరస దాటి ముందుకు పోయాను. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలి.

"అమ్మా, హెబ్రోను చేతుల్లో ఏ రోగమూ లేదు. తప్పు బండిది కూడా కాదు, నాది. నాకు తెలియక, తెలియదని ఒప్పుకోలేక, ఇతని మీదికి తోసినా" అని గట్టిగా చెప్పాను. చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల ముందు కూర్చున్నాను. "నాకు సూది ఇతనే వెయ్యాల. ఇతను వేసేదాకా నేను లెయ్యను."

డాక్టరమ్మ నన్నూ అతణ్ణీ మార్చి మార్చి చూసి, సిరంజి అతనికి అందించారు. అతను తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. సూది కొస వణకడం నాకు కనపడుతూనే ఉంది.

"అన్నా, నొప్పి పుడితే?"

"పుట్టనీ. నీకు పుట్టినదాని కంటే ఎక్కువేం పుట్టదులే."

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని పెదవులతో ఏదో ప్రార్థన చేసుకున్నాడు. సూది దిగింది. దిగినట్టు నాకు తెలియనే లేదు. దూదితో రుద్దుతూ, "అయిపోయిందన్నా, లెయ్" అన్నాడు.

నేను లేవలేకపోయాను. వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ చూస్తుండగానే ఏడ్చేశాను. నా వెనక నిలబడ్డ తల్లి ఇక ఆగలేక, నన్ను పక్కకు జరగమని, తన బిడ్డ చొక్కా చెయ్యి పైకి మడిచి, బిడ్డను హెబ్రోను ముందు కూర్చోబెట్టింది.