మానేస్తానన్న మనిషి

అమెరికాలోని మిల్వాకీ నగరపు కిడ్నీ ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షకు మనుషుల్ని చేర్చే పని వెర్నా టిబ్స్‌ది. ఆ పొద్దున ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. అంతకు రెండు రోజుల ముందు డయాలిసిస్ కుర్చీలోంచి ముసలాయన హ్యాచర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ మందుతో ఒకటే వాంతులు తల్లీ. మానేద్దామంటే నా కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారాయె!"

"ఎవరన్నారు అలాగని?"

"ఒకరు అనాలా? డాక్టర్ గారి మందు వద్దని, ఆయన కుర్చీలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

పరీక్ష నడిపే డాక్టర్ లిండ్‌క్విస్ట్‌కి వెర్నా ఈ మాట చెప్పింది. ఆయన తలెత్తలేదు.

"ఇంకొన్నాళ్లు నచ్చజెప్పు. ఇప్పుడతను మానేస్తే చేసిందంతా చెడుతుంది."

"భయపడి ఉంటున్నాడు సార్. భయంతో ఉంటే అది ఒప్పుకున్నట్టు కాదు. ఫెడరల్ ప్రభుత్వ నిబంధనలు చెప్పేది అదే."

"నాకు నేర్పుతున్నావా?"

వెర్నా బయటికొచ్చి లిఫ్టు దాకా నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్లీ నడిచింది. ఈ పరీక్ష ఆగితే తన ఉద్యోగమూ ఆగుతుంది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. దాన్ని పారబోసి, తిన్నగా హ్యాచర్ దగ్గరికెళ్లి కూర్చుంది.

"మందు మానేసినా ఈ కుర్చీ మీదే. మీ వైద్యం ఎవరూ ఆపలేరు."

"ఒట్టు?"

"ఒట్టు కాదండీ, చట్టం."

"అయితే నాకింక చాలు," అన్నాడాయన, కళ్లు మూసుకుని.

పక్క కుర్చీలో జనీన్ పవ్లాక్ చటుక్కున లేచి కూర్చుంది. "ఏంటీ, మానేయొచ్చా? మరి నాకు చెప్పలేదేం?"

చేర్చుకునేటప్పుడు అంగీకార పత్రంలోని ఈ మాట వెర్నా తన నోటితోనే ఈమెకి చదివి వినిపించింది. ఈమె తలూపింది, సంతకం పెట్టింది. ఇంకెంతమంది ఇలాగే అర్థం కాకుండా తలూపారో!

పరిశోధనల్లో మనుషుల రక్షణ చూసే బోర్డుకి వెర్నా మధ్యాహ్నమే ఫోన్ చేసింది. హ్యాచర్ భయం, జనీన్ ప్రశ్న రెండూ చెప్పింది.

బోర్డు కొత్తవాళ్లని చేర్చడం ఆపేయించింది. డాక్టర్ లేని గదిలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, అర్థమయ్యేదాకా చెప్పి, ఉంటారా మానేస్తారా అని మళ్లీ అడగమంది. హ్యాచర్‌తో పాటు ఇంకో ఇద్దరు మానుకున్నారు. మిగతావాళ్లు ఉండిపోయారు.

"నేనూ ఉంటా," అంది జనీన్. "అప్పుడు ఉండమంటే ఉన్నా. ఇప్పుడు ఉందామని ఉంటున్నా."

లిండ్‌క్విస్ట్ ఆ తర్వాత వెర్నాతో మాట్లాడలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేదు. ఆమె మాత్రం జనీన్ కాళ్ల మీద దుప్పటి సర్ది, ఆ వారం వాంతులేమైనా అయ్యాయా అని అడిగింది.