బీడుకొండలకు పడమర

ఆ ఊళ్ళో సమాధిరాయి మీద ఏం చెక్కాలన్నా చర్చి పెద్దల సంతకం కావాలి. పాదిరీ ఆ పనిని ఆగ్నెస్‌కు అప్పగించాడు. ఆమె ఐజాక్ థెక్స్టన్‌కు సొంత అక్క. రాతిపనివాడు డార్గ్ షెడ్డులోనే తమ్ముడు తన భార్య సమాధి కోసం ఇచ్చిన కాగితం చదివి కళ్ళజోడు తీసేసింది.

“‘హిల్డా థెక్స్టన్, వెస్ట్‌మోర్లాండ్ వాసి’ అనా? ఒరేయ్, వచ్చే నెలకి ఆ పేరే ఉండదు. మన జిల్లాని పక్క కౌంటీలతో కలిపేస్తున్నారు.”

“అందుకే ఈ మార్చిలోనే చెక్కిస్తున్నా.”

“ఉన్నా ఆవిడకెలా చెల్లుతుంది? బీడుకొండలకి పడమర బతికేవాళ్ళ నేల, అదీ ఆ పేరుకి అర్థం. బళ్ళో మనకి మొదట నేర్పిందే అది. మీ ఆవిడ తూర్పు నుంచి వచ్చింది. డర్హామ్ పిల్ల.”

“నలభై ఒక్క ఏళ్ళు ఇక్కడే గొర్రెల్ని కాసింది, అక్కా.”

“ఎన్నేళ్ళు కాస్తే ఏం? అవతలి మనిషి అవతలి మనిషే. చచ్చినదాని కళ్ళు చారెడని!”

ఐజాక్‌కు కోపం రావలసింది. రాలేదు. ఆ మాట మొదట అన్నది అక్క కాదు.

పెళ్ళైన మూడో ఏట హిల్డా తను పెంచిన పొట్టేలును సంతలో పోటీకి పెట్టింది. పట్టీలో తన పేరు పక్కన వెస్ట్‌మోర్లాండ్ అని రాసింది. పదిమందిలో నవ్వి, ఆ పేరుకు అర్థం చెప్పింది ఐజాకే. “కొండకి అటుపక్కదానివి, నీకెందుకే అది?” ఆమె రాసింది కొట్టేసి, పొట్టేలును తోలుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ పేరు ఆమె నోట రాలేదు. ‘మీ వైపు’ అనేది. మొన్న జనవరిలో, ఊపిరాడని చివరి వారంలో కూడా అంతే. “మీ వైపు మంచు ఓ పట్టాన కరగదు,” అంది.

“సర్లే, ఇటివ్వు,” అని ఆగ్నెస్ సంతకం గీకేసింది. “పోయిన మనిషి, పోయే పేరు. ఎవరికేం నష్టం? పాపం, ఉండనీ.”

ఆ ‘పాపం’ ఐజాక్‌కు ముల్లులా దిగింది. బతికుండగా ఇవ్వనిది ఇప్పుడు బిచ్చం వేస్తున్నారు. వేసేవాళ్ళలో తనే ముందున్నాడు. హిల్డా అయితే తీసి మొహాన కొట్టేది.

కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

“పేరూ తేదీలూ. అంతే,” అన్నాడు డార్గ్‌తో.

“రాయి కింది సగం నీకోసం వదులుతున్నాగా మామా,” అన్నాడు డార్గ్. “అందులో నీ పేరు పక్కనైనా వెస్ట్‌మోర్లాండ్ అని వెయ్యమంటావా?”

“వద్దు.”

“మతిపోయిందిట్రా?” అంది ఆగ్నెస్. “ఏడు తరాల నుంచి ఇక్కడోళ్ళం!”

“అందుకే వద్దంటున్నా.”

సుద్దతో ముందే గీసిపెట్టిన వెస్ట్‌మోర్లాండ్ పేరును డార్గ్ తడిగుడ్డతో తుడిచాడు. రాయి ఆరేదాకా ఐజాక్ అక్కడే నిలబడి, ఒక్క గీతైనా మిగల్లేదని చూసుకున్నాడు.