మోటరు ఆపిన చదరంగం

మోతీలాల్, కోటేష్ సొంత అన్నదమ్ములు. దమ్మపేట అవతల, అడవి అంచున ఉన్న తండాలో వాళ్లకు పక్కపక్కనే రెండు మొక్కజొన్న చేలు, మధ్యలో ఒకే బోరు. ఆ బోరు నీళ్లు ఏ రోజు ఎవరివన్న సంగతి తేలక రెండేళ్లుగా కొట్టుకుంటున్నారు. నాణెం ఎగరేస్తే బొమ్మ అరిగిపోయిందన్నారు. చీటీలు వేస్తే మడతలో గుర్తు పెట్టారన్నారు. చివరికి కోడిపుంజులను దించితే పోలీసులు వచ్చి పుంజులతో పాటు పది మందిని స్టేషన్‌కు తీసుకుపోయారు.

కోటేష్ భార్య సువర్ణకు ఈ గొడవలన్నీ ఒక ఎత్తు, చేను ఒక్కటీ ఒక ఎత్తు. ఆ ఏడు కంకి బాగా వేసింది. మార్చి నెల, గింజ పాలు పోసుకుంటున్న సమయం. ఆ పది పన్నెండు రోజులూ తడి అందితే పంట, అందకపోతే చొప్ప. సేద్యం చేసేవాళ్లకు ఆ మాట చెప్పే పని లేదు. కానీ మగవాళ్లకు పంతం పట్టాక కంకి ఎక్కడ కనిపిస్తుంది?

తండా పెద్ద హీరాలాల్ నాయక్ అన్నదమ్ములిద్దరికీ మేనమామ. ఆయన బాగా ఆలోచించి, ఇక్కడివాళ్లెవరూ వేలు పెట్టలేని పోటీ కావాలన్నాడు. మనకు చుట్టాలు లేని చోట జరగాలన్నాడు. మోతీలాల్ కూతురు శ్రావణి ఇంటర్ పరీక్షలు రాసి ఖమ్మం నుంచి అప్పుడే వచ్చింది. యూరప్‌లో ఏదో ఊళ్లో పది మంది మహా ఆటగాళ్లకు చదరంగం పోటీ మొదలవుతోందని, మొత్తం తొమ్మిది ఆటలని, సెల్‌లో చూడొచ్చని ఆ పిల్ల నోరు జారింది. నాయక్‌కు అది దేవుడు పలికించిన మాటలా తోచింది.

అన్నదమ్ములు సెల్‌లో ఫోటోలు చూసి, సంతలో ఎడ్లను ఎంచినట్టు ఆటగాళ్లను ఎంచుకున్నారు. పంచాయితీలో కూర్చున్నట్టు నిబ్బరంగా ఉన్నాడని మోతీలాల్ ఒక గడ్డపాయనను పట్టుకున్నాడు. వ్యవసాయ ఆఫీసరులా ఉన్నాడని కోటేష్ ఒక కళ్లద్దాల కుర్రాణ్ణి పట్టుకున్నాడు. అసలు పేర్లకు ఎవరికీ నోరు తిరగక గడ్డం, కళ్లద్దాలు అనే పిలుచుకున్నారు. ఆ రోజు ఎవరి మనిషిది పైచెయ్యి అయితే మర్నాడు మోటరు వాళ్లది. ఎవరిదీ కాకపోతే మోటరు బంద్. కోడిపందెంలో రెండు పుంజులూ పడకుండా నిలబడితే ఆ పందెం చెల్లదు, ఒడ్డింది ఎవరూ ముట్టరు. నాయక్ ఆ ధర్మాన్నే ఇక్కడా పెట్టాడు. స్టార్టర్ డబ్బాకు తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

మొదటి రోజు గడ్డం ఆట డ్రా, కళ్లద్దాల ఆట డ్రా. మోటరు బంద్. రెండో రోజూ అంతే. మూడో రోజు గడ్డం ఒక ఏనుగు ఎక్కువ ఉండి కూడా ఆటను డ్రా చేసుకుంటే మోతీలాల్ అన్నం ముట్టలేదు. ఐదో రోజు ఆటగాళ్లకు విశ్రాంతి అని శ్రావణి చెప్పింది. ఆడేవాళ్లే పడుకుంటే మోటరెట్లా తిరుగుతుందని నాయక్ అడిగాడు. ఆ రోజూ బంద్.

వారం తిరిగేసరికి తండా మగవాళ్లంతా చదరంగ పండితులయ్యారు. సాయంత్రమైతే నాయక్ ఇంటి అరుగు మీద ఒక్క సెల్ ముందు ముప్పై తలలు. కోటేష్ చేను మొహం చూడడం మానేసి, మట్టిలో గళ్లు గీసి, కళ్లద్దాలు మంత్రిని ఎందుకు వెనక్కి తీశాడో పక్కవాళ్లకు విడమరిచి చెప్తున్నాడు. ఆకులు చుట్ట చుట్టుకుంటున్నాయని సువర్ణ మొత్తుకుంటే, "రేపు మనోడు తెల్లయి ఆడుతడు, జర ఆగరాదే" అన్నాడు.

ఆమె ఆగలేదు. తండాలోని చేతి బోరింగు నుంచి బిందెలతో మోసింది. బిందెలతో ఎకరం తడవదని తెలుసు, అయినా మోసింది. అవతలి గట్టున తోడికోడలు సోమ్లి కూడా బిందె మోస్తూ కనిపించింది. మగవాళ్ల పుణ్యమా అని వాళ్లిద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు.

పక్క కోయగూడెం ముసలయ్య ఇప్పపువ్వు ఏరుకొని పోతూ ఒకరోజు అరుగు దగ్గర ఆగాడు. సెల్‌లోకి చాలాసేపు తొంగిచూసి, "ఆళ్లిద్దరికి మక్కచేను ఉన్నదా?" అని అడిగాడు. లేదన్నారు. తలూపి వెళ్లిపోయాడు.

ఇద్దరివీ ఎనిమిది ఆటలూ డ్రాలే అయ్యాక, తొమ్మిదో ఆటలో గడ్డానికి కళ్లద్దాలే ఎదురుపడ్డాడు. గెలిచినవాళ్లకు కోతల దాకా మోటరు, డ్రా అయితే మళ్లీ పోటీ దాకా బంద్ అని నాయక్ ప్రకటించాడు. మళ్లీ పోటీ ఎప్పుడంటే జూన్‌లో అని తేలింది. ఆడవాళ్లు ఆ అరుగు ఎక్కే అలవాటు లేదు. ఆ సాయంత్రం సువర్ణ ఎక్కి అందరికంటే ముందు కూర్చుంది.

ఆట మొదలైన కాసేపటికే గడ్డం గుర్రాన్ని ముందుకు పెట్టాడు. కళ్లద్దాలూ గుర్రాన్ని ముందుకు పెట్టాడు. గడ్డం తన గుర్రాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు. కళ్లద్దాలూ తెచ్చుకున్నాడు. మళ్లీ అవే గుర్రాలు, మళ్లీ అదే తంతు. మూడోసారి కాగానే, అట్లా అయితే డ్రా అనే లెక్క కాబట్టి, ఇద్దరూ నవ్వుకొని, చేతులు కలిపి లేచిపోయారు. అరగంట కూడా పట్టలేదు. అన్నదమ్ములిద్దరూ రెండేళ్లలో మొదటిసారి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొని ఆ ఆటగాళ్లను లంబాడీలో కడుపారా తిట్టారు.

నాయక్ మొలతాడు తడుముకొని బంద్ అన్నాడు. అప్పుడే శ్రావణి సెల్‌లో పోటీ ఫలితాల పట్టిక వచ్చింది. మొదటి స్థానం ఇంకెవరిదో, అతని గురించి ఎవరూ అడగలేదు. గడ్డం ఎదురుగా నాలుగున్నర పాయింట్లు అని ఉంది. కళ్లద్దాల ఎదురుగానూ అంతే.

"ఒక్కటి గూడ గెల్వనోళ్లకు నాలుగున్నర ఏడికెళ్లి వచ్చిందే?" అంది సువర్ణ.

"డ్రా అయితే చెరి సగం ఇస్తరు చిన్నమ్మా. దినాం ఇచ్చిన్రు."

ముందే ఎందుకు చెప్పలేదంటే ఎవరూ అడగలేదని ఆ పిల్ల తల దించుకుంది.

సువర్ణకు ఒళ్లు మండిపోయింది. ఎండిన ఆకులు, మోసిన బిందెలు, వాచిన మెడ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి లేచి నిలబడింది. "ఆళ్లు దినాం చెరి సగం పంచుకొని సల్లగ పోయిన్రు మామా. మోటరు బంద్ పెట్టుకున్నది మనం."

కోడిపందెంలో సగం గెలుపు ఉండదని నాయక్ గొణిగాడు.

"ఇయి కోళ్లు గావు. తాళంచెవి ఇయ్యి."

ముప్పై మంది ముందు ఆయనను ఎవరూ ఏదీ అలా అడిగి ఉండలేదు. ఇచ్చేశాడు. సువర్ణ బోరు దగ్గరికి చేరేసరికి, అరుగు కింద నుంచి అంతా విన్న సోమ్లి అప్పటికే పార పట్టుకొని నిలబడి ఉంది. ఒకరు స్టార్టర్ నొక్కితే ఒకరు రెండు వైపులా కాలువ గట్టు మడవలు తెంపారు. నీళ్లు సన్నగానే అయినా రెండు చేలల్లోకీ పారాయి. సువర్ణకు ఏడుపు ఆగలేదు. అరుగు మీద అన్నదమ్ములు అప్పటికే ఎవరి సగం ముందు అని మొదలుపెట్టారు.

నెల తర్వాత కంకులు విరిచారు. డొప్ప ఒలిస్తే కింద నిండుగా గింజ, పైన నాలుగు వేళ్ల మేర ఉత్త బెండు. ఇటు చేను అంతే, అటు చేను అంతే. సువర్ణ అందులో ఒక కంకి తీసుకొని నాయక్ ఇంటికి నడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"పోటీ పెట్టినవ్ గద మామా, ఇగో కప్పు. ఇద్దరికీ సమానమే వచ్చింది, నీ కాడనే ఉంచు."

హీరాలాల్ నాయక్ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అలాగే చేత్తో పట్టుకొని నిలబడ్డాడు.