పన్నెండు ఈలలు

ఇంద్రజ ఈల ఊది రైతు సంజీవయ్య చేను పాడు చేసిందట. పక్కింటి యశోదమ్మ కళ్ళారా చూసింది కాదు, పాలకేంద్రం దగ్గర ఎవరో అంటుంటే విన్నదట. విన్నది విన్నట్టు చెబితే ఆమె యశోదమ్మ ఎందుకవుతుంది? పక్క చేని రైతు దగ్గర ఇంద్రజ దుడ్లు తీసుకుందనీ, కావాలనే పని ఆపించిందనీ, సంజీవయ్య రెండు రోజులుగా ముద్ద ముట్టలేదనీ నాలుగు రెక్కలు తగిలించి కొళాయి కాడ వదిలింది. ఆ మాట బీబీ మోసుకొచ్చింది. బీబీ ఇంద్రజ కూలి ముఠాలోనే పని చేసే మనిషి.

"నువ్వేం చెప్పినావు మే?" అని అడిగింది ఇంద్రజ.

"నేనేం చెబుదునక్కా. బిందె నిండింది, వచ్చేసినా."

పొద్దు బారెడెక్కినా ఇంద్రజ ఇంటి అరుగు మీద కూర్చునుంది. ఈ నెలల్లో ఈ వేళకు ఆమె ఇంటి దగ్గర ఉండి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

ఆళ్ళగడ్డ చుట్టుపక్కల వానలు పడ్డాయంటే సీడు పత్తిదే రాజ్యం. మామూలు పత్తి కాదు, కంపెనీ విత్తనం కోసం పెంచేది. ఆడచెట్ల సాళ్ళు వేరు, మగచెట్ల సాళ్ళు వేరు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే పట్టుకుని, రేకులూ లోపలి పుప్పొడీ గోటితో గిల్లేయాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి ఆ మొగ్గకు రుద్ది, గుర్తుకు దారం కట్టాలి. ఆ పూట తప్పితే మొగ్గ చచ్చినట్టే. రుద్దిన పువ్వు వేరే రకానిదైతే విత్తనం కల్తీ. దాన్ని కొన్న రైతు ఏ మిడుతూరులోనో, ఏ డోన్ పక్కనో మరుసటేడు నెత్తిన గుడ్డ వేసుకుంటాడు.

ఇంద్రజ ఇరవై ఏళ్ళుగా ఈ మొగ్గలు గిల్లుతోంది. పదేళ్ళుగా ముఠాకు మేస్త్రి. ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళు. రెండు నెలల పని, ఏడాదికి ఆధారం. ఏ చేనికి ఏ ముఠా అన్నది వానలకు ముందే మాట్లాడుకుంటారు. మధ్యలో చేను పోతే ఇంకో చేను దొరకదు.

ఈ ఏడు పని మొదలవక ముందు నంద్యాల నుంచి కంపెనీ మేనేజరు లక్ష్మీనారాయణ వచ్చాడు. సంజీవయ్య చేని గట్టున షామియానా వేయించి, కుర్చీలు వేయించి, ఆడవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు. అక్కడే సగం మందికి భయమేసింది.

"ఇకనుంచి మీరు కూలీలు కారమ్మా. ఎవరి సాలుకు వాళ్ళే యజమాని. తప్పు కనబడితే మేస్త్రిని అడగక్కర్లేదు, రైతును అడగక్కర్లేదు, నన్నూ అడగక్కర్లేదు. ఈల ఊదండి, పని ఆగిపోవాలి. ఎందుకు ఆపారని ఒక్కడు అడిగితే నాకు చెప్పండి" అన్నాడు.

అని పన్నెండు మందికీ పన్నెండు ఈలలు పంచాడు. ఎర్ర తాళ్ళు, ప్లాస్టిక్ ఈలలు. ముఠాలో అందరికన్నా పెద్దదైన నరసమ్మ తన ఈలను తిప్పి తిప్పి చూసింది.

"ఆడది ఈలేస్తే కొంపకు అరిష్టమనిరి మా అవ్వోళ్ళు. ఈయప్ప మెడకే కట్టిపాయె."

"కట్టుకో పెద్దమ్మా. రేపట్నుంచి నువ్వు ఆళ్ళగడ్డ బస్సు కండక్టరు" అంది బీబీ.

అందరూ నవ్వారు. ఇంద్రజ కూడా నవ్వింది గాని, ఇంటికి పోయాక ఈలను పారేయలేదు. ఇరవై ఏళ్ళలో పై నుంచి వచ్చిన మనిషి ఆమె మాటకు విలువుందని చెప్పడం అదే మొదలు. నమ్మింది. నమ్మడానికి ఆమె వెర్రిది కాదు, ఆశ పడింది, అంతే.

పని మొదలై ఇరవై రోజులకు ఒక రాత్రి దబాటున వాన కొట్టింది. తెల్లారి చూస్తే మగపూలన్నీ తడిసి ముద్ద. తడిసిన పుప్పొడి అంటదు. సాయంత్రం గిల్లిన మొగ్గలు మూడు వేలకు తక్కువ లేవు, అన్నీ నోళ్ళు తెరుచుకుని కాచుకున్నాయి. సంజీవయ్య బండేసుకుని పోయి, ఏడింటికల్లా ఒక సంచి నిండా పూలు తెచ్చి గట్టున కుమ్మరించాడు.

"బిరబిరా కానీండమ్మా. ఎండెక్కితే పోతాయి."

ఆడవాళ్ళు తలా ఒడినిండా తీసుకుని సాళ్ళలోకి దిగారు. ఇంద్రజ ఒక పువ్వు విప్పి చూసింది. వాళ్ళ మగచెట్టు పువ్వు వెన్నరంగు, అడుగున ఎర్ర మచ్చ ఉంటుంది. ఇది పసుప్పచ్చ. మచ్చ లేదు. ఇంకోటి చూసింది. అదీ అంతే.

"అన్నా, ఈ పూలు యాడివి?"

"మా బామ్మర్ది చేనువి, ఆడ వాన పడలే. వాంది కూడా సీడు పత్తే కదమ్మా."

"ఆయప్పది వేరే రకమన్నా."

"పువ్వుకు పువ్వే. నువ్వు కానీ."

ఇంద్రజ సాలు దాటి వచ్చి, కంపెనీ ఫీల్డు ఆఫీసరు పవన్‌కు ఫోను చేసింది. పవన్ సంగతంతా విన్నాడు. తరువాత, "అక్కా, ఆ నిర్ణయం నీదే కదా. సారు ఆరోజు చెప్పింది అదే కదా" అన్నాడు.

"ఆపమంటావా, రుద్దమంటావా? ఒక మాట చెప్పు సారూ."

"నేను చెబితే ఇంక నీకు పవరిచ్చిందేముందక్కా? నీకేది కరెక్టనిపిస్తే అది చెయ్యి." ఫోను పెట్టేశాడు.

ఆమె సాళ్ళ వంక చూసింది. పదకొండు వంగిన వీపులు. ఈల ఊదితే ఆ పదకొండు మందికీ ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఊదకపోతే ఎవరికేమవుతుందో కూడా తెలుసు, కాకపోతే వాళ్ళ ముఖాలు ఆమె ఎన్నడూ చూసింది కాదు. చూడని ముఖాల కోసం చూసిన ముఖాలను బజారున పడేసుకోవాలా అని ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించింది.

తరువాత ఊదింది. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి చేనంతా మోగింది. కొంగలు లేచాయి.

సంజీవయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఏందీ, చేను నీదా?"

"ఎవురి సాలుకు వాళ్ళే యజమాని అని సారు చెప్పినాడు కదన్నా. నువ్వూ ఆడనే ఉంటివి."

"యజమానివైతే కౌలు కట్టు. మందులు కొట్టు. మొగ్గలు మాడితే నువ్వు ఏడువు." ఆయనేమీ చెడ్డవాడు కాదు. కూతురి కాలేజీ, బోరు, అన్నీ ఆ మొగ్గల మీదే ఉన్నాయి. ఎండ ఎక్కేకొద్దీ మొగ్గలు ఒక్కొక్కటే వాడిపోతుంటే గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు ఒడిలోని పూలు కింద పోసి ఇళ్ళకు పోయారు.

ఆ రాత్రీ వాన కొట్టింది. మర్నాడు ఇంద్రజ ముఠా చేరేసరికి చేనిలో వేరే ఊరి ఆడవాళ్ళు ఉన్నారు. సంజీవయ్య వాళ్ళను ముందు సాయంత్రమే ఆటోలో తెచ్చి మొగ్గలు గిల్లించాడు. గట్టున అదే సంచి, మళ్ళీ నిండుగా. సంజీవయ్య తల ఎత్తలేదు.

తిరిగొచ్చే దారిలో నరసమ్మ పక్కనే నడుస్తూ అంది: "నిన్న ఆ పువ్వు నేనూ చూసినా. నీ కన్నా ముందే చూసినా."

"మరి నువ్వెందుకు ఊదలేదు పెద్దమ్మా?"

"పని కావాల కదమ్మా." ముసలామె ఉమ్మేసింది. "నువ్వు కూడా గమ్మునుంటావనుకున్నా."

ఆ తరువాత మిగతా వాళ్ళు ఇంద్రజ ఇంటివైపు రావడం తగ్గించారు. ఎదురుపడితే నవ్వేవాళ్ళు, ఆ నవ్వు పళ్ళు దాటి వచ్చేది కాదు. ఐదో రోజుకు యశోదమ్మ మాట ఊరు చుట్టి ఇల్లు చేరింది. ఆరో రోజు పొద్దున ఇంద్రజ ఆళ్ళగడ్డ బస్టాండుకు నడిచింది. చూస్తే నరసమ్మ ముందే వచ్చి చెంగులో టిక్కెట్టు డబ్బులు ముడేసుకుని నిలబడి ఉంది.

"నువ్వెందుకు పెద్దమ్మా?"

"ఇంట్లో కూచోని ఏం జేస్తాండా? పా."

నంద్యాలలో కంపెనీ ఆఫీసు మెట్లెక్కి తలుపు తోయగానే ఎదురుగా గోడ మీద ఇంద్రజ ఫోటో ఉంది. మీటింగు నాడు తీసింది, మెడలో ఈల. కింద పెద్ద అక్షరాలతో 'ఈ నెల లీడర్' అని రాసి ఉంది. తన ముఖం తానే గుర్తుపట్టలేనట్టు ఇంద్రజ అక్కడే ఆగిపోయింది.

లక్ష్మీనారాయణ లేచి నిలబడి కుర్చీలు చూపించాడు. పక్కన పవన్ ఉన్నాడు. టీ తెప్పించారు.

"నువ్వు చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టమ్మా. నీ పేరు హైదరాబాదు దాకా పోయింది."

"మా పని పోయింది సార్" అంది ఇంద్రజ. "పన్నెండు మందిమి. ఇంగ నెల పైనే పని ఉంది. ఆ చేను మాకు ఇప్పియ్యండి."

ఆయన ముఖం కొంచెం వాడింది. "చేను రైతుదమ్మా. ఎవరిని పెట్టుకోవాలో ఆయనిష్టం. అందులో కంపెనీ తలదూర్చడానికి లేదు."

"ఇంకో చేనన్నా చూపియ్యండి."

"అన్నీ మాట్లాడేసుకున్నారు. నీకు తెలియందేముంది?"

"మరి ఆ సంచి పూలు, సార్? మరుసటి దినం కూడా రుద్దినారు. నేను చూసినా."

పవన్ ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. "విత్తనం పరీక్షలో తేలుతుందిలే" అన్నాడు లక్ష్మీనారాయణ. ఆయన గొంతులో దయ ఉంది, అది నటన కాదు. "నిన్ను మేం వదులుకోమమ్మా. వచ్చే ఏడు మన పత్తి ఊళ్ళన్నింటికీ నువ్వే పోయి ఆడవాళ్ళకు ట్రైనింగు ఇవ్వాలి. ఇప్పుడే రాసుకుంటా. ఏమంటావు?"

అంతసేపూ టీ ముట్టకుండా కూర్చున్న నరసమ్మ గ్లాసును బల్ల మీద ముందుకు జరిపింది.

"ఏమని చెప్పమంటావు నాయనా ఈయమ్మని? ఊదమనా, ఊదొద్దనా?"