అట్ట వేసిన నవల

మా అక్క ముందు నోరు తెరవని మనిషి మా పేటలో లేడు. ఆవిడ పళ్ళ డాక్టరు. నోరు తెరిచాక ఎవరూ ఎదురు మాట్లాడలేరు కాబట్టి ఆ వృత్తి ఆవిడకి బాగా నప్పిందని నేను ఎప్పుడూ అంటుంటాను. ఆవిడ లేనప్పుడు అంటుంటాను.

నా ఉద్యోగం అంత గొప్పది కాదు. మందుల డబ్బాల్లో మడతల మీద మడతలు పెట్టి దూర్చే కాగితం ఉంటుంది చూడండి, వికారం రావచ్చు, కళ్ళు తిరగవచ్చు, డాక్టరును సంప్రదించండి అని, అది రాసేది నేనే. లోకంలో ఎవరూ చదవని రచన నాది. అలాంటిదాన్ని ఈ వయసులో ఒక నవల రాశాను. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. వేరే ఊరి ప్రచురణకర్త ఎవరో పాపం నమ్మి అచ్చువేశాడు.

ఎందుకు రాశానో దాచను. అక్క కోసం రాశాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక కథ రాశాను. తప్పిపోయిన పిల్లి కథ. ఇంటినిండా చుట్టాలున్న రోజు అక్క ఆ కాగితాలు లాక్కుని, కుర్చీ ఎక్కి, ముక్కుతో మాట్లాడుతూ మొదటినుంచీ చివరిదాకా చదివింది. అందరూ పగలబడి నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ నేను రాసినవి మందుల కాగితాలే. ఈ సంగతి అక్కకి తెలియాలి. తెలిసి, "తప్పయిందే" అని ఒక్క మాట అనాలి. నాకు కావలసింది అంతే. ముఖాన అడిగే ధైర్యం లేక నవల రాశాను.

మరీ పచ్చిగా ఉంటే బాగుండదని చిన్న చిన్న మార్పులు చేశాను. కథ రాసే చెల్లెల్ని పాట పాడే చెల్లెలిగా మార్చాను. కుర్చీ ఎక్కడం తీసేసి, అక్క బల్ల కింద దూరి చెల్లెలి గొంతును వెక్కిరించినట్టు కల్పించాను. మిగతాదంతా మా అక్కే. ఆ నడక, ఆ విసురు, మాటకి ముందొకసారి, వెనకొకసారి "నీ మంచికే చెప్తున్నా" అనే ఊతపదం, ఏదీ వదల్లేదు. గుడ్డివాడైనా పోల్చుకుంటాడనుకున్నాను.

ఇక మా పేట పుస్తకాల షాపు సంగతి చెప్పాలి. ఆ షాపు ఆయన ఎవరికీ ఏమీ కాడు కానీ అందరికీ మామయ్యే. నెలకొక ఆదివారం పొద్దున అక్కడ కొత్త పుస్తకాల సభ జరుగుతుంది. నలుగురు పాఠకులు తలా ఒక కొత్త పుస్తకం చదివి వచ్చి, కొనవచ్చో కొనకూడదో చెప్తారు. మొదట్లో ఇది పెళ్ళివారి విడిదిలా ఉండేదట. ఎవరి బావమరిది రాసిన పుస్తకాన్ని వాళ్ళు ఆకాశానికెత్తడం, తమకి గిట్టనివాడి పుస్తకాన్ని కిందేసి తొక్కడం. మామయ్యకి ఒళ్ళు మండి ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి పుస్తకానికీ బడిపిల్లల పుస్తకాలకి వేసినట్టు మందపాటి గోధుమరంగు కాగితంతో అట్ట వేస్తాడు. పేర్లున్న పేజీలను కలిపి జిగురు పెట్టేస్తాడు. అట్ట మీద ఏ రకం పుస్తకమో మాత్రం రాస్తాడు. చదివినవాళ్ళు చెప్పడం అయ్యాక, అందరి ముందూ అట్ట చింపుతాడు. ఎవరు రాశారో అప్పటిదాకా చదివినవాళ్ళకీ తెలియదు. "ముందు రుచి చూడండి. వండిందెవరో తర్వాత అడగండి," అంటాడు.

ఆ ఆదివారం అక్క ఫోన్ చేసింది. "ఒసేయ్ పిచికా, ఇవాళ సభలో నేను మాట్లాడుతున్నా. వచ్చెయ్. ఎంతసేపూ ఆ ఇంట్లో కూర్చుని తుప్పు పట్టిపోతున్నావ్. నీ మంచికే చెప్తున్నా."

నా పుస్తకం ఆ షాపుకి చేరిందని నాకు తెలుసు. ఎవరి చేతికి వెళ్ళిందో తెలియదు. తేలు కుట్టిన దొంగలా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను.

ముందు రిటైరైన బస్సు డ్రైవరుగారు లేచారు. ఆయనకి కవిత్వం వచ్చింది. "నాకు కవిత్వమంటే భయమండీ. బస్సులో ఎవరైనా మొదలుపెడితే స్టాపు లేకపోయినా దింపేసేవాణ్ణి. ఇది మాత్రం రెండుసార్లు చదివా. ఎక్కడ బ్రేకు వెయ్యాలో అక్కడే వేశారు. కొనుక్కోండి." మామయ్య అట్ట చింపితే అది ఎవరో కాలేజీ అమ్మాయి మొదటి సంపుటి. డ్రైవరుగారు నోరు వెళ్ళబెట్టారు. ఏ పెద్దాయన రాశాడో అనుకున్నారట.

తర్వాత లాయరమ్మ. ఆవిడది అపరాధ పరిశోధన. "హంతకుడెవరో మూడో అధ్యాయంలోనే తెలిసిపోయింది. నా కక్షిదారులే ఇంతకన్నా తెలివిగా అబద్ధాలాడతారు. అయినా కింద పెట్టలేకపోయాను. ఆ ఇన్‌స్పెక్టరుకీ భార్యకీ జరిగే పోట్లాటలు అంత బాగున్నాయి. రైలు ప్రయాణానికి తీసుకెళ్ళండి." ఆ తర్వాత దర్జీ ఒకాయన తోటపని పుస్తకం పట్టుకుని లేచాడు. ఆయన మేడ మీద కుండీల్లో వంకాయలు కాయిస్తాడు. "బొమ్మలు బ్రహ్మాండం. రాసినాయన చేతికి జన్మలో మట్టి అంటినట్టు లేదు. ఇక్కడే నిలబడి తిరగేసి, మళ్ళీ అరలో పెట్టేయండి," అన్నాడు. మామయ్య ముఖం మాడిపోయింది. పద్ధతి పెట్టింది ఆయనే కాబట్టి నోరెత్తలేదు.

చివరికి అక్క లేచింది. చేతిలో పుస్తకం మీద మామయ్య దస్తూరీతో 'నవల' అని ఉంది. "మొదటి వాక్యం వినండి," అంటూ చదవడం మొదలుపెట్టింది.

నా వాక్యం. పోట్లాడిన ప్రచురణకర్తని కూడా మార్చనివ్వని వాక్యం అది. అదే అక్క గొంతు, నా కథ చదివిన గొంతు. మళ్ళీ ముక్కుతో చదువుతుందేమోనని నిజంగానే భయపడ్డాను. చదవలేదు. నిదానంగా, ఒక్కో మాటా ఆపి, బతిమాలినట్టు చదివింది.

"ఈమధ్య వచ్చిన వాటిల్లో ఇంత మంచి నవల నేను చదవలేదు," అంది అక్క. "రెండు రోజులు క్లినిక్ ఆలస్యంగా తెరిచా. ఒకాయన దవడ వాచిపోయి బయట కూర్చున్నాడు, కూర్చోనీ అనుకున్నా. ఇందులో ఒక అక్క ఉంది. రాక్షసి! చెల్లెలికి చక్కని గొంతు. నలుగురూ వచ్చిన రోజు ఈ మహాతల్లి బల్ల కింద దూరి దాని గొంతు పెట్టి కూస్తుంది. అంతే, ఆ పిల్ల మళ్ళీ జన్మలో పాడదు. పైగా ఆ అక్క ప్రతిదానికీ 'నీ మంచికే చెప్తున్నా' అంటుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు చెయ్యి దురద పెట్టిందంటే నమ్మండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మా అక్క తడుముకోలేదు సరికదా, దొంగని పట్టుకుని తన్నండని కేకలేస్తోంది. ఇంత మొద్దు మనిషి కోసమా నేను మూడొందల పేజీలు రాసింది అని ఒళ్ళు మండిపోయింది.

"అలాంటిది ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది," అని ఆగి, అక్క వెనక వరస వైపు చూసింది. "మా ఇంట్లోనూ ఉంది. కాకపోతే మాది నాకన్నా చిన్నది."

జనం గొల్లున నవ్వారు. నలుగురు తల తిప్పి నన్ను చూశారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఇది నా మీదికెందుకు వచ్చింది?

"సరే డాక్టరమ్మా, రాసిందెవరో చూద్దాం," అంటూ మామయ్య అట్ట చింపాడు. ఎప్పుడూ పేరు గట్టిగా చదివే మనిషి, ఈసారి చదవలేదు. పుస్తకాన్ని అక్క చేతిలో పెట్టి, నన్ను చూశాడు. అక్క నా పేరు చూసింది. నన్ను చూసింది. మళ్ళీ పేరు చూసింది. ఆవిడ ముఖంలో రంగు పోయింది.

ఇప్పుడు తెలిసింది అనుకున్నాను. ఇన్నేళ్ళకి తెలిసింది. లేచి నిలబడ్డాను. ఆ ఒక్క మాట నిలబడే వినాలని.

అక్క కుర్చీల మధ్యలోంచి గబగబా వచ్చి నన్ను వాటేసుకుంది. ఏడుస్తోంది. మా అక్క ఏడవగా నేను చూడలేదు.

"నువ్వటే! నన్ను రాశావటే! తప్పు ఒప్పుకోడానికి ఇంత పుస్తకం రాయాలా పిచికా? నా దగ్గరికొచ్చి ఒక్క మాటంటే సరిపోయేదిగా!"

డ్రైవరుగారు చప్పట్లు మొదలుపెట్టారు. "తన తప్పు తనే రాసుకోవడమంటే మాటలా తల్లీ!" లాయరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. షాపంతా చప్పట్లు. నేను క్షమాపణ కోసం వస్తే, నన్ను క్షమించేస్తున్నారు! అక్క భుజం మీద గడ్డం ఆనించి, చేప నోరు తెరిచినట్టు తెరిచి మూశాను.

"అక్కా," అన్నాను చివరికి, "నేనేం చేశాను?"

ఆవిడ నన్ను వదిలి, ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. "నాటకాలాడకు. అంత బాగా రాసి మళ్ళీ నాచేత చెప్పిస్తావా? నాన్న ఆఫీసు వాళ్ళందరూ ఇంటికొచ్చిన రోజు. నన్ను పాడమన్నారు. నేను కళ్ళు మూసుకుని పాడుతున్నా. నువ్వు బల్ల కింద దూరి, పల్లవి అందుకున్న దగ్గర్నుంచీ మేకలా కూశావు. అందరూ నవ్వారు. నాన్న కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ బల్ల మీద గళ్ళ గుడ్డ కూడా రాశావుగా, ఎర్ర గళ్ళు. నీకప్పుడు ఏడేళ్ళు."

ఆ గళ్ళ గుడ్డ నేను కల్పించాననుకున్నాను. బల్ల, గుడ్డ, దాని కింద మోకాళ్ళ మీద కూర్చున్న పిల్ల, పైన కనిపించే చెప్పులూ బూట్లూ, అన్నీ నా ఊహే అనుకున్నాను. రాస్తున్నప్పుడు ఇంత సులువుగా ఎలా వస్తోందని మురిసిపోయాను కూడా. బల్ల కింద చీకట్లో కూర్చుంది నేను. బూట్లు చూసింది నేను. చెల్లెలి బాధ రాస్తున్నానని అక్క బాధ రాశాను, అదీ ఒక్క తప్పు లేకుండా.

అక్క పాడేదన్న సంగతే నేను మరిచిపోయాను. ఇంట్లో, కారులో, ఆవిడ క్లినిక్‌లో ఎక్కడా రేడియో కూడా మోగదు. డబ్బు మనిషి, పాటలేం తెలుస్తాయి అని మా ఆయనతో ఎన్నిసార్లు అన్నానో. ఇప్పుడు భుజాలు తడుముకుంటున్నది నేను.

నాకు ఏడేళ్ళు అంది. కథ రాసింది ఎనిమిదిలో. అంటే పాట ముందు, కథ తర్వాత.

మామయ్య బల్ల వేయించి, నా పుస్తకాలన్నీ తెచ్చి దొంతి పెట్టాడు. ఎవరూ రాయమనకుండానే జనం వరస కట్టారు. అందరికన్నా ముందు అక్క నిలబడి, తన ప్రతి తెరిచి నా ముందు పెట్టింది. "ఊఁ, రాయవే రచయిత్రీ. 'క్షమించు అక్కా' అని రాయి. నీ మంచికే చెప్తున్నా." అనేసి, తన మాట తనకే వినిపించినట్టు ఉలిక్కిపడింది. పుస్తకం వైపు చూసి, నా వైపు చూసింది.

పెన్ను మూత తీశాను. పోనీలే, రాసేసి ఊరుకుందామనుకున్నాను. కానీ నాకు రావలసిన మాట ఇంకా రాలేదు. ఇవాళ అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేను.

"మరి నా కథ సంగతేంటక్కా?"

"ఏ కథ?"

"నువ్వు కుర్చీ ఎక్కి చదివావు. ముక్కుతో. చుట్టాలందరూ నవ్వారు. నేను మళ్ళీ రాయలేదు."

"నేనా?" అంది అక్క. ఆలోచించింది. నిజంగానే వెతుక్కుంది, ఆ ముఖం చూస్తే తెలుస్తుంది. "నాకేం గుర్తులేదే."

ఇంకో రోజైతే అబద్ధమని విరుచుకుపడేదాన్ని. అబద్ధం కాదని నాకు తెలుసు. కాసేపటి క్రితం నా ముఖం కూడా అచ్చం అలాగే ఉండి ఉంటుంది. చేసినవాళ్ళకి గుర్తుండదు. పడినవాళ్ళకి బల్ల మీద గుడ్డ గళ్ళతో సహా గుర్తుంటుంది. ఇందులో న్యాయం ఏముందో నాకు తెలియదు కానీ, మా ఇద్దరికీ సమానంగానే జరిగింది.

'అక్కకి. క్షమించు' అని రాసి, కింద సంతకం చేశాను. ఆవిడ రాయమందని కాదు.

అక్క చదువుకుంది. పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. ఇక వెళుతుందనుకుంటే, పక్కనున్న కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. వరసలో వెనకున్నాయన దగ్గాడు.

"అక్కా, జనం నిలబడ్డారు."

"నిలబడతారు. దవడ వాచినాయన్నే కూర్చోబెట్టా, వీళ్ళెంత?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ కథేంటో చెప్పు. నేను నవ్వించిన కథ. మొదటినుంచీ చెప్పు."

నేను నోరు తెరిచాను.

"ఒక పిల్లి తప్పిపోతుంది," అన్నాను. నా గొంతు నాకే ఎనిమిదేళ్ళ పిల్ల గొంతులా వినిపించింది.

అక్క నవ్వలేదు.